పదిహేడు

పదిహేడు దాటొద్దంటది యంత్రం.
అరచేతంత డబ్బా. గుప్పెడు వడ్లు పోసి
మర తిప్పితే తేమ ఎంతో చెప్తది.
నాకిచ్చిన ట్రైనింగంతా గదే:
హన్మకొండల ఒక్క పూట, ఒక సమోస, ఒక పెన్ను,
"అంకె గట్టిగ చదువాలె, అందరికి ఇనబడాలె" అన్న ఒక రూలు.

మా సెంటరంటే బడి ఎనుక బీడు.
గోడల్లేవు, కప్పు లేదు.
ఒక బోర్డు, రెండు కాంటాలు,
నూట పన్నెండు కుప్పలు, నలభై పరదాలు.
అండ్ల తొమ్మిది చినిగినయి.
మార్చిలనే కాగితం రాసిన.
"పంపుతం" అన్నరు.
ఆ మాటను కుప్ప మీద కప్పలేం గద.

సోమవారం నలభై ఐదు డిగ్రీలు.
కాంటా ఇనుము ముడితే చెయ్యి చుర్రుమన్నది.
హమాలీ ఐలోని ముప్పై రెండో బస్తా కాడ
నవ్వుకుంట కూసున్నడు,
నవ్వుకుంటనే పక్కకు ఒరిగిండు.
ఓఆర్ఎస్ పొట్లాలు బీరువల,
బీరువ తాళం కార్యదర్శి జేబుల,
కార్యదర్శి మీటింగుల,
మీటింగు ఎండ జాగ్రత్తల మీద.
పుల్లక్క సద్దికి తెచ్చుకున్న చల్ల
ఆయన నెత్తి మీద గుమ్మరిచ్చింది.
బతికిండు.
తెల్లారి తడి తువ్వాల చుట్టుకోని మళ్ళ వచ్చిండు,
"కూలి పోతది గద బిడ్డా" అని.

బుధవారం లారీ రాలే. మిల్లు కాడ జాగ లేదంట.
నాలుగు గొట్టంగ ములుగు దిక్కు నుంచి మబ్బు లేసింది,
మాడిన సర్వపిండి రంగు మబ్బు.
గాలి ముందు దుమ్ము, దుమ్ము ముందు కోళ్ళు.
అందరు నా మీదికే ఉరికిన్రు.
పదో తరగతిల లెక్కలల్ల నాకు తొంభై ఆరు.
నలభైని నూట పన్నెండుకు పంచుడు
ఏ సారు చెప్పలే.

దుప్పట్లు తెచ్చిన్రు, చీరెలు తెచ్చిన్రు,
ఎరువు సంచులు ఇప్పి కుట్టిన పట్టాలు తెచ్చిన్రు.
ఎవలింటి పెండ్లి షామియానానో
గుంజలతో సహా గుంజుకొచ్చిన్రు;
గాలి దాన్ని లేపి తాటివనం దాక తీస్కపోయింది.
లచ్చవ్వ రోడ్డు మీది ఫ్లెక్సీ కోసుకొచ్చింది.
చేతులు జోడిచ్చి నవ్వే పెద్దమనిషిని
బోర్లేసి కప్పింది.
ఐదేండ్లల్ల మొదటిసారి అక్కరకొచ్చిండు.

రాళ్ళు పడ్డయి. రేగుపండంత, తర్వాత నిమ్మకాయంత.
రేకుల చప్పుడుకు మాట ఇనబడలే.
పిక్కల మంటి నీళ్ళల్ల నిలబడ్డంక ఫోను మోగింది:
"మీ జిల్లాలో ఈ సాయంత్రం
ఉరుములతో కూడిన వర్షం కురిసే అవకాశం ఉంది.
అప్రమత్తంగా ఉండండి."
నీళ్ళల్ల నా చెప్పులు పోతున్నయి.
అవకాశం ఉన్నదట.

తెల్లారి ఇరవై ఏడు. ముప్పై ఒకటి.
తర్వాత అంకె రాలే, గీతలే.
"ఇంకోపారి చూడు బిడ్డా" అని
గుప్పిట్ల వట్టుకోని వరస కట్టిన్రు.
వడ్లను తారు రోడ్డు మీద పోసిన్రు,
బడి వరండల పోసిన్రు,
బొందలగడ్డ గద్దె మీద సుత పోసిన్రు.
మూడోనాడు కుప్పల్ల చెయ్యి పెడితే వెచ్చగ,
పులిసిన కల్లు వాసన.
తెల్లటి మొలకలు.
వాటి తప్పేమున్నది?
నీళ్ళు తగిలితే మొలవాలెనని తప్ప
వాటికి ఇంకేం తెలుసు?

జీపుల సారొచ్చిండు. ఫోటో దిగిండు.
"ముందే కప్పుకోవద్దా?" అన్నడు.
పరదాలు జూన్ల వస్తయన్నడు.
జూన్ల ఇక్కడ కుప్పలుంటయా? ఎవలు అడుగలే.

నన్ను సుత ఒక మాట ఎవలు అడుగలే.
ఆ నాలుగింటికి, అందరు ఉరికిరాక ముందు,
మంచిది సూసి, చినుగనిది సూసి,
మొదటి పరదా
నేను మా అన్న కొంరెల్లి కుప్పకిచ్చిన.
ఐలోని చూసిండు.
చూసి, అటు చివర తానే పట్టి రాయి పెట్టిండు.

ఇయ్యాల మా అన్న వంతు.
గుప్పెడు పోసి మర తిప్పిన.
పద్నాలుగు.
చుట్టు అందరున్నరు.
గట్టిగ చదువాలె, రూలు.

మెల్లగ చదివిన.